తేలిక కత్తి – వాడి కత్తి

ఉద్దేశం : కొండలెక్కేవారు వెంట ఉంచుకొనే చిన్న కత్తిని ఏ పదార్థంతో చేస్తే బరువు తగ్గుతుంది, తగ్గిన బరువుకు చెల్లించే మూల్యం ఏమిటి అనే విషయాన్ని ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

తెలుగులో కత్తికి పేర్లు తక్కువేమీ కాదు. ఖడ్గం, కృపాణం, కరవాలం, ఛురిక వంటివి సంస్కృతం నుండి వచ్చినవి. సురియ, బాకు, కటారి వంటివి కావ్యాల్లోనూ కథల్లోనూ కనిపిస్తాయి. మచ్చుకత్తి, కొడవలి, కత్తిపీట మన ఇళ్ళలో, పొలాల్లో ఉన్నవే. కత్తి భాగాలకూ చక్కని పేర్లున్నాయి. పట్టుకొనేది పిడి, దాచేది ఒర, కోసే అంచు వాదర, పిడిని మినహాయించగా మిగిలిన లోహభాగం అలుగు. రాయలసీమ విద్యార్థులకు అలుగు అనగానే చెరువు నిండి నీరు పొర్లే చోటు గుర్తుకు వస్తుంది. ఆ మాటకు కత్తి, బాణం మొనల అర్థం కూడా ఉన్నదని నిఘంటువు చూస్తే గాని తెలియదు. ఈ పాఠంలో అలుగు, వాదర అనే రెండు మాటలూ తరచుగా వస్తాయి కనుక వాటిని ముందుగా గుర్తుంచుకోవాలి.

ప్రబంధాల్లోని వేట వర్ణనలలో కత్తి శౌర్యానికి గుర్తు. కొండలెక్కేవారి కత్తి అటువంటిది కాదు. అది జంతువును తాకదు, శత్రువును ఎరుగదు. సంవత్సరంలో మూడువందల అరవై రోజులు నడుముకు వేలాడుతూ ఊరికే ఉంటుంది. ఇరుక్కుపోయిన తాడును, పాతబడి పనికిరాని పట్టీని, యంత్రంలో చిక్కిన బట్టను కోయవలసిన ఒక్క క్షణం కోసమే అది ఉన్నది. ఊరికే మోసే వస్తువు కదా అని దాని బరువు తగ్గించాలనుకోవడం సహజం. ఉక్కుకు బదులు టైటానియం, సెరమిక్ వంటి పదార్థాలు రంగంలోకి రావడానికి కారణం అదే.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలిగించినది పుస్తకం కాదు, ఒక చున్నీ. కొన్నేళ్ళ క్రితం విద్యార్థులను వెంటబెట్టుకొని మదనపల్లె సమీపంలోని హార్స్‌లీ కొండలకు వెళ్ళాను. సముద్రమట్టానికి 1200 మీటర్లకు పైగా ఎత్తున్న ఆ కొండను పూర్వం ఏనుగుల మల్లమ్మ కొండ అనేవారు. అక్కడ ఒక బండ మీది నుండి తాడు సాయంతో కిందికి దిగడం నేర్పిస్తున్నారు. దిగేవారి నడుముకు పట్టీల కవచం కడతారు. దానిని హార్నెస్ అంటారు. దానికి తగిలించిన డిసెండర్ అనే లోహపు బిళ్ళ గుండా తాడు ఒరుసుకొంటూ పోతుంది. ఆ ఒరిపిడే దిగేవారి వేగాన్ని అదుపులో ఉంచుతుంది. ఇది కాక, పైనున్న శిక్షకుడు పట్టుకొనే రక్షణతాడు మరొకటి ఉంటుంది.

మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి సగం దూరం దిగి ఆగిపోయింది. బిగించి కట్టుకొన్న చున్నీ కొస ఎట్లాగో జారి, తాడుతోబాటు డిసెండర్‌లోకి చొచ్చుకొనిపోయింది. ఆమె బరువుకు బట్ట మరింత లోపలికి లాగబడి, మెడ ముందుకు వంగిపోయింది. “సార్, చున్నీ ఇరుక్కునింది” అన్న మాట సన్నగా వినిపించింది. “కదలొద్దు పాపా, నేను చెప్పేదాకా ఊరికే ఉండు” అని శిక్షకుడు పై నుండి కేకవేసి, రక్షణతాడును బిగించాడు. ఆయనకు సహాయంగా వచ్చిన యువకుడు మరో తాడు మీద ఆమె పక్కకు దిగాడు. అతని చేతిలో తెల్లని అలుగు గల కొత్త కత్తి ఉంది. తేలికగా ఉంటుందని ఇష్టపడి కొనుక్కొన్న సెరమిక్ కత్తి అది. బట్టకూ లోహపు బిళ్ళకూ మధ్య దాని మొనను దూర్చి కొద్దిగా మెలిపెట్టాడు. టప్పుమని మొన విరిగి కింద లోయలో పడింది.

“మెలిపెట్టొద్దురా, నాది తీసుకో” అంటూ శిక్షకుడు తన పాత ఉక్కు కత్తిని దారానికి కట్టి కిందికి వదిలాడు. యువకుడు వాదరను తాడు వైపు కాక తన వైపుకు తిప్పుకొని, రెండు లాగులలో చున్నీని తెంచాడు. అంతా కలిసి నాలుగైదు నిమిషాలు. అమ్మాయి నవ్వుతూనే కిందికి దిగింది. నాకు మాత్రం చాలాసేపు చేతులు వణికాయి. ఆ ఉక్కు కత్తి బరువెంత అని తరువాత శిక్షకుణ్ణి అడిగాను. “ఎప్పుడూ తూయలేదు సార్, తెగుతుందా లేదా అని మాత్రం చూసుకుంటాను” అన్నాడు.

వాదరను తన వైపుకు తిప్పుకోవడానికి కారణం ఉన్నది. నైలాన్ తాడు వదులుగా ఉన్నప్పుడు కోయడం కష్టం. మనిషి బరువును మోస్తూ వింటినారి వలె బిగిసి ఉన్నప్పుడు మాత్రం పదునైన అంచు ఆనితే చాలు, పోగులు వాటంతట అవే తెగిపోతాయి. కనుక పర్వతారోహకుని కత్తి రక్షించగలదు, క్షణంలో చంపనూగలదు.

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో అధిరోహించి, 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు విడిచిన సంగతి మీలో కొందరు వినే ఉంటారు. ఆ ఆండీస్ శ్రేణిలోనే, పెరూ దేశంలోని సియులా గ్రాండే అనే శిఖరం మీద 1985లో ఒక కత్తి కథ జరిగింది. జో సింప్సన్, సైమన్ యేట్స్ అనే ఇద్దరు ఆంగ్ల యువకులు శిఖరం చేరి తిరిగివస్తుండగా సింప్సన్ కాలు విరిగింది. యేట్స్ అతనిని తాడుకు కట్టి మెల్లమెల్లగా కిందికి దింపుతూ వచ్చాడు. చీకటిలో, మంచు తుపానులో సింప్సన్ ఒక అంచు దాటి గాలిలో వేలాడిపోయాడు. అతని బరువుకు యేట్స్ కూర్చున్న మంచు కొద్దికొద్దిగా కరిగి జారసాగింది. ఇద్దరూ పడిపోవడమా, ఒకరైనా మిగలడమా అన్న స్థితిలో యేట్స్ చిన్న కత్తి తీసి తాడును కోశాడు. సింప్సన్ మంచు పగులులో పడి కూడా బతికాడు. పాకుతూ, దొర్లుతూ మూడు రోజులకు గుడారం చేరాడు. 1988లో ఆయన ఈ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. అందులో యేట్స్‌ను నిందించలేదు, సమర్థించాడు. ఆ తాడును కోయడం ధర్మమా అధర్మమా అని ఇప్పటికీ వాదించుకొనేవారున్నారు. ఆ కత్తి తెగకపోయి ఉంటే వాదించడానికి ఆ ఇద్దరిలో ఎవరూ మిగిలి ఉండేవారు కారేమో.

తెగని కత్తి పెట్టే బాధకు మరొక నిదర్శనం 2003లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో కనబడింది. ఏరన్ రాల్స్టన్ అనే యువకుని కుడిచేయి సన్నని లోయలో ఒక బండ కింద నలిగి ఇరుక్కుపోయింది. అతని దగ్గరున్నది చవకరకం బహుసాధనం. దాని కత్తి మొద్దుబారి ఉంది. అయిదు రోజులు గడిచాక, 127 గంటలకు, దానితోనే తన చేతిని తాను తెంచుకొని బయటపడ్డాడు. ఈ ఉదంతం మీద 2010లో వచ్చిన చలనచిత్రానికి ఏ.ఆర్. రెహమాన్ సంగీతం సమకూర్చాడు.

ఇక బరువు సంగతి చూద్దాం. ఆరు సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న అలుగును ఊహించుకోండి. మొన వైపు సన్నబడుతుంది కనుక దాని ఘనపరిమాణం సుమారు రెండు ఘన సెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు, కత్తులకు వాడే జిర్కోనియా సెరమిక్‌ది 6, టైటానియంది 4.5. అంటే ఉక్కు అలుగు 15.6 గ్రాములు, సెరమిక్ అలుగు 12 గ్రాములు, టైటానియం అలుగు 9 గ్రాములు తూగుతాయి. ఉక్కును వదిలి టైటానియం పట్టుకొంటే మిగిలేది ఆరున్నర గ్రాములు, దాదాపు ఒక అయిదు రూపాయల నాణెమంత బరువు. కొండలెక్కే తాడు మీటరుకు సుమారు 60 గ్రాములుంటుంది. అరవై మీటర్ల తాడును భుజాన వేసుకొనే మనిషి 3600 గ్రాములు మోస్తున్నాడు. కత్తిలో తాను ఆదా చేసిన బరువు ఆ తాడులో అరజానెడు ముక్కకు సమానం!

బరువును గురించి పట్టింపు అర్థంలేనిదని నేను అనడం లేదు. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ భువనగిరి ఏకశిల మీద తొలిపాఠాలు నేర్చి 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరారు. అంత ఎత్తున ఒక్కొక్క అడుగుకూ ఆగి ఊపిరి పీల్చుకోవలసి వస్తుంది. అక్కడ ప్రతి గ్రామూ లెక్కలోనిదే. కాని గ్రాములు ఎక్కడ తగ్గించాలన్నదే ప్రశ్న.

టైటానియం నిజంగా గొప్ప లోహం. ఉప్పునీటిలో నానినా తుప్పు పట్టదు, అయస్కాంతానికి లొంగదు, బరువుకు మించిన బలం గలది. దాని ముడిఖనిజమైన ఇల్మనైటు మన భీమునిపట్నం నుండి శ్రీకాకుళం వరకు గల సముద్రతీరపు ఇసుకలో ఉన్నది. విచిత్రమేమంటే సెరమిక్ కత్తికి మూలమైన జిర్కాన్ కూడా ఆ ఇసుకలోనే ఉంటుంది. ఇసుకలో దొరికినంత మాత్రాన చవక కాదు. ఆక్సిజన్‌ను విడవడానికి టైటానియం ఒప్పుకోదు. దానిని ముందు క్లోరైడుగా మార్చి, మెగ్నీషియంతో కలిపి వేడిచేసి వేరుచేసే పద్ధతిని 1940 ప్రాంతంలో విలియం క్రోల్ రూపొందించాడు. శ్రమతో, ఖర్చుతో కూడిన ఆ మార్గమే ఇప్పటికీ ప్రధానమైనది. 1973లో హైదరాబాదులో స్థాపించిన మిశ్రధాతు నిగమ్ విమానాలకు, అంతరిక్ష వాహనాలకు పనికివచ్చే టైటానియం మిశ్రమాలను తయారుచేస్తున్నది. సముద్రపు ఒడ్డున ఉన్న శిలల్లో తాడు తగిలించడానికి దిగగొట్టే మేకులకు ఇది శ్రేష్ఠం. థాయిలాండులోని సున్నపురాయి కొండల్లో ఉక్కు మేకులు తుప్పుతో విరిగిపోతుండగా టైటానియం మేకులను అమర్చారు.

ఇన్ని సుగుణాలున్న లోహానికి వాదర నిలవదు. కత్తుల ఉక్కు కాఠిన్యం రాక్‌వెల్ కొలమానంలో 56 నుండి 60 వరకు ఉంటే, సాధారణంగా వాడే టైటానియం మిశ్రమానిది 36 దగ్గర ఆగిపోతుంది. నాలుగు తాళ్ళు కోసేసరికి అంచు మొద్దుబారుతుంది. అంచున టంగ్‌స్టన్ కార్బైడు పూత వేసి కొంతవరకు సరిదిద్దుతున్నారు. నీటిలో మునిగి పనిచేసేవారికి, మందుపాతరల దగ్గర అయస్కాంత స్వభావం లేని పనిముట్టు కావలసినవారికి ఈ లోపం సహింపదగినదే. ఆరు గ్రాముల కోసం పర్వతారోహకుడు దీనిని సహించాలా అన్నది నాకు అనుమానం.

సెరమిక్ కత్తి స్వభావం ఇందుకు సరిగా విరుద్ధం. దాని వాదర ఉక్కుకంటె ఎంతో కఠినం, ఏళ్ళ తరబడి చెడదు. పింగాణీ వలె పెళుసుగా ఉండే జిర్కోనియాను కత్తికి పనికివచ్చేటట్లు చేసిన సూత్రం ముచ్చటైనది. ముగ్గురు శాస్త్రజ్ఞులు 1975లో నేచర్ పత్రికలో ప్రకటించిన వ్యాసానికి ‘సెరమిక్ ఉక్కు?’ అని ప్రశ్నార్థకంతో పేరు పెట్టారు. జిర్కోనియాలో తగిన ఆక్సైడును కొద్దిగా కలిపితే, పగులు ఏర్పడిన చోట స్ఫటికాలు రూపం మార్చుకొని కొద్దిగా ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులును అటూ ఇటూ నొక్కి ముందుకు పోనీయదు. గాయం తగిలిన చోట వాచి, ఆ వాపే గాయాన్ని మూసినట్లు! జపానుకు చెందిన క్యోసెరా సంస్థ 1984లో సెరమిక్ కత్తులను విపణిలోకి తెచ్చింది. అయినా ఉక్కు వంగే చోట సెరమిక్ విరుగుతుంది. బండ మీద పడినా, మెలిపెట్టినా దానికి ఆపదే. పదును పెట్టాలంటే వజ్రపు పొడి కావాలి; సానరాయి మీద లొంగదు. హార్స్‌లీ కొండ మీద విరిగిన మొన కర్మాగారపు లోపం కాదు, ఆ పదార్థపు ధర్మం.

ఉక్కు గొప్పతనం ఏ ఒక్క గుణంలోనూ అగ్రస్థానం పొందకపోవడంలో ఉన్నది. సెరమిక్ అంత కఠినం కాదు, టైటానియం అంత తేలిక కాదు. కాని కమ్మరి కొలిమిలో దానిని ఎర్రగా కాల్చి చప్పున చల్లార్చితే కాఠిన్యం వస్తుంది. మళ్ళీ మెల్లగా వేడిచేస్తే పెళుసుదనం తగ్గుతుంది. కాఠిన్యాన్నీ సాగుదలనూ ఇట్లా కోరిన పాళ్ళలో కలుపుకొనే వీలు తక్కిన రెండింటికీ ఇంతగా లేదు. ఈ విద్యలో మన ప్రాంతం వెనుకబడినది కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కొని పోయేవారు. హెన్రీ వాయిసీ అక్కడి పద్ధతిని చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఐరోపావారు ఆ ఉక్కును పిలిచిన ‘వూట్జ్’ అన్న పేరు మన ‘ఉక్కు’ వంటి దక్షిణాది మాట నుండే పుట్టింది. తుప్పు బాధ తగ్గించడానికి ఇప్పుడు క్రోమియం కలుపుతున్నారు. కొన్ని రకాలలో కర్బనానికి బదులు చాలావరకు నత్రజనిని వాడుతున్నారు.

బరువు తగ్గించే తెలివి అలుగులో కంటె దాని చుట్టూ ఉన్న వాటిలో బాగా పనిచేసింది. పిడిలో లోహాన్ని తొలగించి నైలాన్ వేయడం, అలుగుకే పెద్ద రంధ్రం చేసి కొక్కేనికి తగిలించుకొనే వీలు కల్పించడం, పొడవును వేలెడంతకు కుదించడం వంటి మార్పులతో ఉక్కు అలుగు గల మడతకత్తి మొత్తం యాభై గ్రాముల లోపలే వస్తున్నది. వాదరలో సగభాగాన్ని రంపపు పళ్ళవలె చేస్తున్నారు. నున్నని అంచు సన్నని జారుడు తాళ్ళ మీద జారిపోతుంది. పళ్ళు పోగులను పట్టుకొని తెంచుతాయి. ఈ చిన్న మార్పు ఏ కొత్త పదార్థం చేయనంత మేలు చేసిందని నా అభిప్రాయం.

తేలిక ఒక్కటే కావాలంటే టైటానియాన్ని కూడా దాటిన పదార్థం తిరుపతి పక్కనే ఉన్నది. రేణిగుంట సమీపంలో స్వర్ణముఖిలో కలిసే రాళ్ళకాలువ పరిసరాల్లో దొరికిన రాతి అలుగులను ఎం.ఎల్.కె. మూర్తి పరిశీలించి 1968లో వ్యాసం ప్రకటించారు. పాతరాతియుగపు చివరి దశకు చెందిన మానవులు క్వార్ట్‌జైటు శిలను నేర్పుగా కొట్టి సన్నని పొడవైన పలకలుగా తీశారు. తిరుమల కొండల నిట్టనిలువు గోడలలో మీరు చూసే రాయి కూడా క్వార్ట్‌జైటే. దాని సాంద్రత సుమారు 2.65. మనం లెక్కించిన అలుగును దానితో చేస్తే సుమారు 5.3 గ్రాములే, దాదాపు ఉక్కు బరువులో మూడోవంతు. ‘తేలికైన ప్రత్యామ్నాయం’ అని నేడు మనం వెదికేదాన్ని ఆ వేటగాళ్ళు వేల ఏళ్ళ కిందటే చేతబట్టారు. అది విరిగితే వారికి చింత లేదు, మరొకటి కొట్టుకొంటారు. తాడు మీద వేలాడే మనిషికి ఆ అవకాశం లేదు.

అసలు కత్తే లేకుండా తాడు తెంచే ఉపాయం కూడా ఒకటి ఉన్నది. బిగిసి ఉన్న నైలాన్ పట్టీ మీదుగా సన్నని దారాన్ని వేసి, రెండు కొసలూ పట్టుకొని కవ్వం తాడులాగినట్లు ముందుకూ వెనుకకూ వేగంగా లాగాలి. కవ్వపు తాడు అటూ ఇటూ పోయినా తిరిగేది కవ్వం. ఇక్కడ మాత్రం దారం ఒకేచోట ఒరుస్తుంది. ఒరిపిడి వేడికి నైలాన్ సుమారు 220 డిగ్రీల వద్ద కరిగి తెగుతుంది. కొన్నిసార్లు అర నిమిషం కూడా పట్టదు. ఇందుకు అదనంగా మోయవలసిన బరువేమీ లేదు, దారం ఎట్లాగూ దగ్గరుంటుంది. అయితే ఒక్క నియమం: మీరు వేలాడుతున్న తాడుకు ఆ దారం తగలకూడదు. నైలాన్ మీద నైలాన్ ఒరుసుకోవడం ఎంత ప్రమాదమో తెలియక ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు.

మొన విరిగిన ఆ సెరమిక్ కత్తి ఏమైందని మరుసటి ఏడు వెళ్ళినప్పుడు యువకుణ్ణి అడిగాను. వాళ్ళ ఇల్లు మదనపల్లెలోనే. కత్తిని పారవేయలేదట. “మా అమ్మ తీసుకునింది సార్, టమాటాలు బాగా తెగుతాయంట” అన్నాడు. అతని నడుమున శిక్షకుని కత్తివంటిదే పళ్ళున్న ఉక్కు కత్తి ఒకటి వేలాడుతున్నది.

ప్రశ్నలు

1. బరువును మోస్తున్న తాడుకు, వదులుగా ఉన్న తాడుకు కోయడంలో గల భేదాన్ని వివరించి, శిక్షకుడు ముందుగా రక్షణతాడును ఎందుకు బిగించాడో తెలపండి.

2. టైటానియం, సెరమిక్ కత్తుల గుణదోషాలను పోల్చి రాయండి. ఏ కత్తి ఎవరికి తగినదో మీ మాటల్లో చెప్పండి.

3. పాఠంలోని లెక్కను అనుసరించి, మూడు ఘన సెంటీమీటర్ల అలుగును ఉక్కుతోను, టైటానియంతోను చేస్తే బరువులో ఎంత తేడా వస్తుందో కనుగొనండి.

4. సైమన్ యేట్స్ తాడు కోయడం సరైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

5. మీ ఊరి కమ్మరిని గాని రైతును గాని కలిసి, కత్తులకు, వాటి భాగాలకు మీ ప్రాంతంలో వాడే పేర్లను సేకరించండి.